సింగరేణి బొగ్గు – లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు "కంపెనీ" అని ఒక్క మాట అంటే చాలు, అది సింగరేణి అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. "మా నాయన కంపెనీలో చేస్తాడు" అనే మాటలో ఉన్న ధీమాయే వేరు. పిల్లనిచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు అది జవాబు, కిరాణా కొట్టులో ఖాతాకు అది జామీను. అయితే ఆ కంపెనీ ఎవరి సొమ్ముతో పుట్టింది, లాభం వచ్చినప్పుడు ఎవరి ఇల్లు చేరింది, నష్టం వచ్చినప్పుడు ఎవరి నెత్తిన పడింది అని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు సైతం తడుముకుంటారు. మన సొసైటీ సభ్యులలో బొగ్గు బాయి మీద బ్రతికిన కుటుంబాలు చాలా ఉన్నవి. కావున ఈ ఏటి సావనీరులో ఆ చరిత్రను నాకు తెలిసినంతవరకు వ్రాయదలచినాను.

తెలుగులో "లాభనష్టాలు" అని జంటగా అంటాం. ఉర్దూలోనూ "నఫా నుక్సాన్" అని జంటగానే అంటాం. ఈ రెండూ కవల పిల్లలని, ఒకదాన్ని ఇంటికి తెచ్చుకొని ఇంకొకదాన్ని పక్కవాడి గుమ్మంలో వదిలిపెట్టడం కుదరదని భాషకే తెలిసినట్టున్నది. మన పెద్దలు బజారులో చేసిన ముజారబత్ పద్ధతి కూడా ఇదే చెప్తుంది. ఒకడు పెట్టుబడి పెడతాడు, ఇంకొకడు కష్టం పెడతాడు. లాభం వస్తే ముందు మాట్లాడుకున్న పాళ్ళ ప్రకారం ఇద్దరికీ. నష్టం వస్తే డబ్బు పెట్టినవానికి డబ్బు పోతుంది, కష్టపడినవానికి కష్టం పోతుంది. ఇద్దరూ మోస్తారు. సింగరేణి చరిత్రలో ఈ జంటను ఎవరెవరు ఎట్లా విడదీశారో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాయి మండిన చోట

భద్రాచలం రాములవారి దర్శనానికి పోయే యాత్రికులు ఇల్లందు అడవిలో వంటకు నల్లరాళ్ళు పొయ్యి పెట్టుకుంటే, ఆ రాళ్ళే మండటం మొదలుపెట్టినవని జనం చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గాని, కాగితం మీద ఉన్న సంగతి ఇది: భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించినాడు. పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరే ఆ బొగ్గు క్షేత్రానికి పేరయింది. అప్పుడు ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్నది. గోదావరికి అవతల ఉన్న భద్రాచలం 1860 నుంచి ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. ఆ భద్రాచలం మన ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే.

బొగ్గు దొరికినంత మాత్రాన ధనం కాదు. అడవిలో ఉన్న బొగ్గు, మోసుకుపోయే దారి లేకపోతే, వట్టి రాయే. ఎడ్లబండ్ల మీద బొగ్గు తోలితే బాడుగకే ధర సరిపోతుంది. అందుచేత గనికంటే ముందు రైలు కావలసి వచ్చింది. అడవిలో రైలు వేయడమంటే ఎవరికైనా గుండె దడే. మలేరియా జ్వరాలు, వాగులు వంకలు, కూలీల కరువు, దానిపైన బొగ్గు నిజంగా ఎంత ఉందో తెలియని అనుమానం. వ్యాపారంలో "రిస్కు" అంటారే, దాని అసలు రూపం ఇదే. ఆ భయాన్ని ఎవరు మోయాలన్న దగ్గరే మన కథ మలుపు తిరిగింది.

పూచీకత్తు మీద నడిచిన రైలు

వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రాజ్యపు మొదటి రైలు 1874లో వచ్చింది. దాన్ని వరంగల్లు మీదుగా తూర్పుకు, చాందా వైపుకు పొడిగించాలని 1883లో గట్టి ప్రయత్నం మొదలైంది. అందుకు లండన్‌లో కంపెనీ పెట్టి పెట్టుబడి తెచ్చే ఏర్పాటు చేసినారు. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరులోనే ఒప్పందం సారమంతా ఉన్నది. పెట్టుబడి మీద ఏటా నూటికి 5 చొప్పున 20 సంవత్సరాలు నిజాం ఖజానా పూచీ పడింది. లైను సంపాదన చాలకపోతే ఆ కొరతను ఖజానా భరించాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. లండన్‌లో ఒక దొర 100 రూపాయలు పెట్టినాడనుకోండి. ఏటికి 5 రూపాయల చొప్పున 20 ఏళ్ళకు 100 రూపాయలు వడ్డీగానే చేతికి వస్తుంది. అసలు ఎటూ ఉండనే ఉన్నది. రైలు నిండా జనం ఎక్కినా, ఖాళీ పెట్టెలు పోయినా అతనికి నిద్ర చెడదు. నిద్ర చెడేది ఖజానాకు. ఖజానా అంటే ఎవరు? మెట్ట చేనుకు శిస్తు కట్టే రైతు.

న్యాయంగా రెండో పక్క కూడా చెప్పుకోవాలి. పూచీకత్తు లేకపోతే మన అడవిలోకి ఆ రోజుల్లో ఎవడూ పైసా తెచ్చేవాడు కాడు. రైలు వచ్చింది, 1886లో వరంగల్లు చేరింది, డోర్నకల్లు దగ్గర చీలి బొగ్గు గనుల దాకా పోయింది, 1889 నాటికి బెజవాడ చేరుకున్నది. దానివల్ల మన ప్రాంతానికి మేలు జరగలేదని ఎవరూ అనలేరు. పూచీ పడటం తప్పని నేనూ అనను. పూచీ పడేవాడు షరతులేమిటో చూసుకోవాలి, అతని తరఫున మాట్లాడేవాడు అతని మనిషిగానే ఉండాలి, చివరకు బాకీ కట్టే జనానికి సంగతి తెలియాలి.

ఆ మాటే కొందరు అప్పుడే అడిగినారు. సరోజినీ నాయుడు గారి తండ్రి డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు చాందా రైల్వే పథకం వివరాలు ప్రజలకు చెప్పాలని, చర్చ జరగాలని పట్టుబట్టినారు. హైదరాబాదు రాజ్యంలో ప్రజలు ఒక సర్కారు ఒప్పందాన్ని గురించి బహిరంగంగా నోరు విప్పిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఫలితమేమిటంటే, 1883 మే 20న అఘోరనాథ్ గారిని రాజ్యం నుంచి వెళ్ళగొట్టినారు. తర్వాత కొంతకాలానికి తిరిగి రానిచ్చినారనుకోండి. ఒక బెంగాలీ హిందువు, ఒక హైదరాబాదీ ముస్లిం కలిసి ప్రజల సొమ్ము లెక్క అడిగినారన్న సంగతిని మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి.

1886 నాటి కాగితం

రైలు బేరాన్ని లండన్‌లో నడిపించిన మనిషి సర్దార్ అబ్దుల్ హఖ్. నిజాం కొలువులో పెద్ద హోదా, తర్వాత సర్దార్ దిలేరుల్ముల్క్ అనే బిరుదు. తెలివితేటలకు కొదవ లేదు. రైలు తర్వాత గనుల బేరం కూడా ఆయన చేతిలోనే పడింది. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అధికారం చేపట్టి రెండేళ్ళే అయింది. దివాను రెండవ సాలార్‌జంగ్ కూడా యువకుడే.

1886 జనవరిలో వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారికి రాజ్యం మొత్తంలో ఖనిజాలు తవ్వుకునే ఏకైక హక్కును 99 సంవత్సరాలకు వ్రాసి ఇచ్చినారు. బొగ్గే కాదు, బంగారం, వజ్రాలు కూడా అందులో చేరినవి. మన పాత మాటలో చెప్పాలంటే రాజ్యంలోని నేల కడుపునంతా గుత్తకు ఇచ్చినారు. ఆ కాగితం చేతిలో పెట్టుకొని వారు లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీని స్థాపించినారు.

ఇక కంపెనీ పెట్టుబడి లెక్క చూడండి. మొత్తం 10 లక్షల పౌండ్లు, అంటే 10 పౌండ్ల షేర్లు ఒక లక్ష. అందులో 85,000 షేర్లను, పూర్తి సొమ్ము చెల్లించినట్టుగా వ్రాసుకొని, గుత్త పొందినవారే తీసుకున్నారు. పైసా పెట్టలేదు. తెచ్చిన కాగితమే పెట్టుబడి అన్నారు. మిగిలిన 15,000 షేర్ల మీద వచ్చే 1,50,000 పౌండ్లే గని తవ్వడానికి నిజమైన డబ్బు. నూటికి 85 పాళ్ళు కాగితం, 15 పాళ్ళు రొక్కం. ఒక్క గంప బొగ్గు పైకి రాకముందే లాభం పంచుకోవడం అయిపోయింది.

అంతటితో ఆగితే అది పరాయివారి తెలివి అనుకొని ఊరుకునేవాళ్ళం. ఆ షేర్లలో అబ్దుల్ హఖ్ గారికి రహస్యంగా పెద్ద వాటా ఉన్నదని తర్వాత బయటపడింది. నిజాం తరఫున బేరం చేసిన మనిషే అవతలి పక్షంలో వాటాదారు. అదీ చాలక, కంపెనీ షేర్లు కొనమని నిజాం సర్కారుకు సలహా ఇచ్చి, అసలు ధరకంటే ఎక్కువ ధరకు ఖజానా చేత కొనిపించినారు. సర్కారు బజారులో కొంటున్నానని అనుకున్నది. సొమ్ము మాత్రం తన కొలువులోని మనిషి జేబులోకే పోయింది.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. అబ్దుల్ హఖ్ మనవాడు కదా అని కొందరు ఈ అధ్యాయాన్ని దాటవేస్తారు. దాటవేస్తే నష్టం మనకే. మనవాడు చేసిన మోసం మనసొమ్ము మీదే చేసినాడు. వివరాలు చెప్పమని అడిగిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడా మనవాడే. ఇద్దరిలో ఎవరిని మన పిల్లలకు పెద్దమనిషిగా చూపించాలో మనమే తేల్చుకోవాలి.

కాపలా పెట్టిన కళ్ళు

ఇంత జరుగుతుంటే చూసేవారు ఎవరూ లేరా? లేకేం, చాలామందే ఉన్నారు. హైదరాబాదులో దివాను, రెసిడెంటు. వారి పైన కలకత్తాలో భారత ప్రభుత్వం. ఆ పైన లండన్‌లో ఇండియా ఆఫీసు. ఇన్ని కళ్ళుండి కూడా ఆ 85,000 షేర్ల సంగతి మొదట్లో ఎవరికీ పట్టలేదు. పై వాడు చూస్తాడులే అని కింది వాడు, కింది వాడు చూసే ఉంటాడులే అని పై వాడు అనుకున్నట్టు కనిపిస్తుంది. ఫైలు మీద సంతకాలు ఎక్కువైనకొద్దీ బాధ్యత పలచబడిపోతుంది. నలుగురు అత్తల మధ్య ఎసరు మాడినట్టే ఈ కథ.

1888లో గుట్టు రట్టయింది. అబ్దుల్ హఖ్‌ను కొలువు నుంచి తప్పించినారు. లండన్‌లో కామన్స్ సభ ప్రత్యేకంగా విచారణ కమిటీని వేసింది. నిజాం సర్కారు తన వాదన వినిపించడానికి మెహదీ హసన్ ఫతే నవాజ్ జంగ్‌ను లండన్‌కు పంపింది. కమిటీ ముందు సాక్ష్యాలు, షేర్ల లెక్కలు అన్నీ బజారులో పడ్డవి. ఇంత జరిగినా గుత్త మాత్రం రద్దు కాలేదు. కంపెనీ అట్లాగే నిలిచింది, ఇల్లందులో తవ్వకం సాగింది.

ఒక విషయం గమనించండి. కంపెనీ పెట్టడం నేరం కాదు, లాభం కోరడం పాపం కాదు. నిజంగా అడవిలో గని తవ్విన ఇంజనీర్లు, మూడు వందల అడుగుల లోతున పని చేసిన కూలీలు రిస్కు తీసుకున్నారు, వారి కష్టానికి ఫలం న్యాయమే. అయితే పెద్ద లాభం పొందినవారు గనిలోకి దిగినవారు కారు, డబ్బు పెట్టినవారు కూడా కారు. కాగితం సంపాదించినవారు. నియంత్రణ లేని చోట లాభం కష్టాన్ని వదిలి పలుకుబడి వెంట పోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

కంపెనీ సర్కారుదైన తీరు

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్తాను. 1920 డిసెంబరు 23న హైదరాబాదు కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ రిజిస్టరు అయింది. పాత దక్కన్ కంపెనీ ఆస్తులూ అప్పులూ దానికి సంక్రమించినవి. బెస్ట్ అండ్ కంపెనీ వారు కార్యదర్శులుగా, అమ్మకపు ఏజెంట్లుగా ఉండేవారు. ఈరోజు కూడా ఆ డిసెంబరు 23నే సింగరేణి దినోత్సవంగా జరుపుకుంటారు. ఇల్లందు నుంచి పని కొత్తగూడెం వైపు జరిగింది, ఊరు పెరిగింది, కార్యాలయం అక్కడ స్థిరపడింది.

పూచీకత్తు అనుభవం సర్కారుకు నేర్పిన పాఠం నెమ్మదిగా పని చేసింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కొనేసింది. 1945లో సింగరేణి షేర్లలో అధిక భాగం కొన్నది. ఎట్లాగూ నష్టం నా నెత్తినే పడేటప్పుడు లాభం మాత్రం పరాయివానికి ఎందుకు అన్న ఆలోచన అందులో ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ వాటా ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు దక్కింది. ఇప్పుడు రాష్ట్రానికి 51 పాళ్ళు, కేంద్రానికి 49 పాళ్ళు. దేశంలో మిగతా బొగ్గు గనులు 1971–73 మధ్య జాతీయం అయితే, మన గనులు పాతికేళ్ళకు ముందే సర్కారు చేతికి వచ్చినవి. ప్రభుత్వ యాజమాన్యంలోని మొదటి బొగ్గు కంపెనీ మన సింగరేణియే.

సర్కారు సొమ్ముకూ జబ్బు చేస్తుంది

సర్కారుదైతే అన్ని బాధలూ తీరిపోయినట్టేనా? కాదు. 1945లో వచ్చిన కాలరీ కంట్రోల్ ఉత్తర్వు దగ్గర నుంచి చాలాకాలం బొగ్గు ధర నిర్ణయించే అధికారం ఢిల్లీలో ఉండేది. కరెంటు చవకగా రావాలి, రైలు చార్జీలు పెరగకూడదు అని బొగ్గు ధరను అణచిపెట్టినారు. ఉద్దేశం మంచిదే. ఇటు భూగర్భ గనుల్లో ఖర్చులు పెరిగినవి, సమ్మెలు ఎక్కువైనవి, ఉత్పత్తి దెబ్బ తిన్నది. ఖర్చుకంటే తక్కువకు అమ్మమని చెప్పేదీ సర్కారే, నష్టం ఎందుకు వచ్చిందని అడిగేదీ సర్కారే.

నష్టాలు పేరుకొని పేరుకొని 1992లో కంపెనీ బి.ఐ.ఎఫ్.ఆర్. ముందుకు పోయింది. జబ్బుపడ్డ పరిశ్రమలను బ్రతికించాలా మూసెయ్యాలా అని తేల్చేందుకు 1985 చట్టం కింద పెట్టిన సంస్థ అది. 1996లో మళ్ళీ అదే గడప తొక్కవలసి వచ్చింది. ఆ రోజుల్లో కొత్తగూడెం బజారులో వ్యాపారం ఎట్లా పడిపోయిందో పెద్దలకు జ్ఞాపకమే. కంపెనీకి దగ్గు వస్తే ఊరంతటికీ జ్వరం వస్తుంది. ప్రభుత్వాలు అప్పులపై వెసులుబాటు ఇచ్చినవి, పనివేళలు గట్టిపడ్డవి, 1990ల చివరికి కంపెనీ మళ్ళీ లాభాల బాట పట్టింది. 2000 సంవత్సరం నుంచి ధరల మీద కేంద్రం పట్టు సడలింది.

దీన్నిబట్టి చూస్తే నియంత్రణ లేకపోవడం ఒక జబ్బు, తప్పు నియంత్రణ ఇంకొక జబ్బు. 1886లో చూడవలసినవాడు చూడలేదు. 1980లలో ధర కట్టేవాడు లెక్క చూడలేదు. రెండు సార్లూ బిల్లు కట్టింది జనమే.

బాగుపడటానికి చెల్లించిన ధర కూడా తక్కువది కాదు. 1990ల మొదట్లో లక్షకు పైబడిన కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు దిగింది. తట్టా చెమ్మస్ పట్టుకొని బొగ్గు నింపిన తరం పోయింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చినవి. మణుగూరు, సత్తుపల్లి వైపు పోయి చూస్తే గుట్టలు లేని చోట మట్టి గుట్టలు లేచినవి. ఆ నేలలో చాలా భాగం ఏజెన్సీ ప్రాంతం, కోయ గూడేలు ఉన్న ప్రాంతం. షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో సమతా కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థకు మాత్రం వీలు ఉంచింది. అంటే సర్కారు కంపెనీ మీద ఇతరులకంటే ఎక్కువ నమ్మకం పెట్టినారన్నమాట. నమ్మకం ఎక్కువైతే బాధ్యతా ఎక్కువే. ఎండిపోయిన బావి, పగిలిన గోడ, పోయిన ఇప్పచెట్టు కంపెనీ పద్దులో నష్టం కింద ఎక్కవు. అయినా అవి ఎవరికో ఒకరికి నష్టాలే.

ప్రాణం సంగతి చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయినారు. షేరుదారుకు రిస్కు అంటే షేరు ధర పడిపోవడం. గని కార్మికునికి రిస్కు అంటే పొద్దున్న పోయినవాడు సాయంత్రం ఇంటికి రాకపోవడం.

ఈనాటి లెక్క

ఒక్క మంచి సంప్రదాయం సింగరేణిలో నిలిచింది. 1990ల చివరి నుంచి ఏటా లాభాలలో కొంత భాగం కార్మికులకు పంచుతున్నారు. మొదట నూటికి 10తో మొదలై ఏటేటా పెరిగింది. దసరా ముందు ఆ డబ్బు చేతికి వస్తే కొత్తగూడెం బట్టల కొట్లలో నిలబడటానికి చోటుండదు. పండుగ ఒకరిదైనా బేరం అందరిదీ.

2023-24 సంవత్సరం లెక్క తీసుకుందాం. కంపెనీ నికర లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణ పనులకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద నూటికి 33 చొప్పున 796 కోట్లు కార్మికులకు ప్రకటించినారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఈ లెక్క సరిచూడగలడు, 33 శాతం సరిపోతుంది. మొత్తం లాభం మీద లెక్కిస్తే మాత్రం అది నూటికి 17కు కొంచెం తక్కువ. రెండూ నిజమైన లెక్కలే. దేని మీద నూటికి ఎంత అని అడగడం నేర్చుకున్నవాడే లెక్క తెలిసినవాడు. విస్తరణకు డబ్బు ఉంచుకోవడం తప్పు అనటం లేదు. ఒడిశాలోని నైనీ గనిని 2015లో సింగరేణికి కేటాయిస్తే, అనుమతులన్నీ దాటుకొని తవ్వకం మొదలయ్యేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. పదేళ్ళు ఓపిక పట్టగల పెట్టుబడి లేకపోతే గని వ్యాపారం సాగదు.

అదే 2024లో మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా తలకు 5,000 రూపాయలు ఇచ్చినారు. సుమారు 25 వేల మంది. మంచి పని, హర్షించవలసినదే. అయినా ఆలోచించండి. ఒకే గేటు, ఒకే దుమ్ము, ఒకే ప్రమాదం. పర్మనెంటు కార్మికునికి సగటున లక్ష దాటిన వాటా, కాంట్రాక్టు కార్మికునికి 5,000. జీతాల కోసం వారు 2022 సెప్టెంబరులో సమ్మె చేసిన సంగతి మనకు తెలుసు. నా తరగతిలో కూర్చునే పిల్లల తండ్రులలో పర్మనెంటువారు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, మిగిలినవారు డ్రైవర్లు, క్లీనర్లు, మట్టి పనివారు, కాంట్రాక్టు మీదివారే. 1886లో నూటికి 85 పాళ్ళు కాగితం పట్టుకున్నవారికి పోయినవి. నేడు పంచడం మొదలైంది గాని, రిస్కు మోసేవారందరికీ పాలు సరిగా అందటం లేదు.

ఇంకో చిక్కు ఉన్నది. కంపెనీ యజమాని సర్కారే, పెద్ద ఖాతాదారైన విద్యుత్ సంస్థలూ సర్కారువే. ఇటీవలి సంవత్సరాలలో విద్యుత్ సంస్థల నుంచి రావలసిన బకాయిలు వేల కోట్లకు చేరినవి. పుస్తకంలో లాభం కనిపిస్తుంది, పెట్టెలో రొక్కం ఉండదు. అప్పు పెట్టిన కిరాణా కొట్టు వానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇక 2020 నుంచి కేంద్రం బొగ్గు బ్లాకులను వేలం వేస్తున్నది. 2024 జూన్‌లో మన రాష్ట్రంలోని శ్రావణపల్లి బ్లాకును వేలంలో పెట్టినప్పుడు, దాన్ని నేరుగా సింగరేణికే ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. పోటీ ఉంటే ధర తేలుతుందని ఒక వాదన, గనులు పోతే కంపెనీ క్షీణిస్తుందని ఇంకో వాదన. ఎవరు తవ్వినా మనం అడగవలసిన ప్రశ్న మాత్రం పాతదే: కాగితంలో ఏమి వ్రాసినారు, లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

మనం చేయదగిన పని

1883లో ఒప్పందం వివరాలు అడిగినందుకు ఒక పండితుణ్ణి రాజ్యం దాటించినారు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చిన తర్వాత అదే ప్రశ్నను తెల్లకాగితం మీద, పది రూపాయల ఫీజుతో అడగవచ్చు. సింగరేణి కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. గనుల ప్రభావం ఉన్న ఊళ్ళ బాగుకోసం 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉన్నది. అందులో మన మండలానికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడిగే హక్కు పంచాయతీ వార్డు మెంబరు నుంచి మామూలు మనిషి దాకా అందరికీ ఉన్నది. అఘోరనాథ్ గారికి, అబ్దుల్ ఖయ్యూం గారికి లేని సౌకర్యం మనకున్నది. వాడుకోకపోతే తప్పు మనది.

కంపెనీ పెద్దదే కానక్కరలేదు. ఇంటి దగ్గర చిట్టీ కట్టేటప్పుడు, ఎవరో తెలిసినవారు "పెట్టండి, రెట్టింపు వస్తుంది" అని డబ్బు అడిగేటప్పుడు, దుబాయి వీసాకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కూడా 1886 నాటి పరీక్షే పెట్టి చూడండి. అడిగేవాడు తన సొమ్ము ఎంత పెట్టినాడు? నష్టం వస్తే అతనికి ఏమి పోతుంది? మన తరఫున మాట్లాడేవానికి అవతల వాటా ఉన్నదా? ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే, అతడు మన జాతివాడైనా, దగ్గరి చుట్టమైనా, జేబు మీద చెయ్యి వేసుకొని లేచి రావడం మేలు.

చివరగా కార్యవర్గం వారికి ఒక మనవి. మన సభ్యులలో కాంట్రాక్టు పనివారు చాలామంది ఉన్నారు. జీతం చీటీలో ఏమి కోస్తున్నారో, బొగ్గు గనుల ప్రావిడెంటు ఫండులో తమ పేరున ఎంత జమ అవుతున్నదో వారిలో ఎక్కువమందికి తెలియదు. నెలకొక ఆదివారం, అసర్ తర్వాత ఒక గంట, ఆ కాగితాలు పట్టుకొని వస్తే చదివి చెప్పే ఏర్పాటు సొసైటీ చేయగలిగితే బాగుంటుంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు చదవగలిగిన పదో తరగతి, ఇంటరు పిల్లలను పక్కన కూర్చోబెడితే వారికీ లెక్క అబ్బుతుంది. చదివి చెప్పే పనిలో నా వంతు గంట నేను ఇస్తాను.